గార్డుగారి పెట్టె మీద ఇంటూ గుర్తు

మోటార్‌సైకిల్ పెట్టెల మీద అతికించిన రిఫ్లెక్టర్లను, పెయింటు చెడకుండా ఊడదియ్యడం కూడా ఒక వృత్తేనా అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. వృత్తేమీ కాదు. బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో బండి సామాన్ల కొట్టులో నేను చేసిన సవాలక్ష పనుల్లో అదొకటి. సీటు కవర్లు తొడిగాను, సైడు పెట్టెలు బిగించాను, నంబరు ప్లేట్లు రాశాను, రేడియం స్టిక్కర్లు కత్తిరించాను. కానీ పని మానేసి ఇంట్లో కూర్చున్నాక నాకు గుర్తొచ్చేవన్నీ ఊడదీసిన పనులే.

అతికించమని వచ్చేవాడు నవ్వుతూ వస్తాడు, నవ్వుతూ పోతాడు. వాడి గురించి మనకేమీ తెలియదు. ఊడదియ్యమని వచ్చేవాడు అలా కాదు. పెళ్ళి కుదిరిన కుర్రాడు పాత పేరు తీయించుకోవడానికి హెల్మెట్ పెట్టుకునే కొట్టులోకి వస్తాడు. బండి అమ్ముకుంటున్నవాడు పెట్టెని ఒకటికి రెండుసార్లు తడిమి చూస్తాడు. నోరు విప్పకపోయినా సంగతి తెలిసిపోతుంది.

మా మేనల్లుడు ఈమధ్యే ఇదే పనిలోకి దిగాడు. వాడి కోసం, వాడితో పనిచేసే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. "తెలుగులో రాస్తే ఎవడు చదువుతాడు మావయ్యా? హిందీలో రాయి, దుకాణంలో అందరూ చదువుతారు," అన్నాడు. నువ్వు చదివి చెప్పరా అంటే, తనకే సరిగ్గా రాదన్నాడు. సరే, అయితే కూర్చో, నేనే చదివి వినిపిస్తానన్నాను. కూర్చుంటాడో లేదో చూడాలి.

ముందు పని గురించి నాలుగు మాటలు చెప్తాను. ఆ తర్వాత ఒకే ఒక్క పెట్టె గురించి చెప్తాను. నిజానికి ఆ పెట్టె గురించి చెప్పడానికే ఇదంతా.

సేఠ్‌జీ బొటనవేలు

మా నాన్న టెక్కలి వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేశాడు. నేను పుట్టింది, పెరిగింది రైల్వే క్వార్టర్లోనే. నన్ను కూడా రైల్వేలో చూడాలని ఆయన కోరిక. నాకు ఆ పరీక్షలు అచ్చి రాలేదు. ఇంట్లో ఖాళీగా తిరుగుతుంటే తిట్లు పడలేక సదర్ బజార్‌లో సేఠ్‌జీ కొట్టులో చేరాను. కొన్నాళ్ళు చేసి మానేద్దామనుకున్నాను. జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయాను.

సేఠ్‌జీ చాలాకాలం నన్ను ఏదీ అతికించనివ్వలేదు. వెనక గోడవారగా ఒక పాత పెట్టె పడేసి ఉండేది. దాని మీద ఆయనే రిఫ్లెక్టరు అతికించేవాడు, నన్ను తియ్యమనేవాడు. తీశాక కళ్ళు మూసుకుని బొటనవేలితో ఆ చోటు తడిమేవాడు. వేలికి ఏదైనా తగిలితే మళ్ళీ ఇంకోటి అతికించేవాడు. "పహ్లే దేఖ్, ఫిర్ ఛూనా," అనేవాడు. ముందు చూడు, తర్వాత ముట్టుకో అని. ఎంత విసుగొచ్చేదో చెప్పలేను.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. ఎండాకాలంలో కూడా ఫ్యాను తన వైపే తిప్పుకునేవాడు. ఎవరొచ్చినా "పాంచ్ మినట్" అనేవాడు. ఐదు నిమిషాల్లో అయ్యే పని ఒక్కటీ లేదని ఆయనకీ తెలుసు. ఆ అబద్ధం మోయాల్సింది నేను. కస్టమరు నెత్తి మీద నిలబడి గడియారం చూస్తుంటే చెయ్యి వణుకుతుంది, గీత పడుతుంది. మీరు మాత్రం ఆ మాట అనకండి. సాయంత్రం రమ్మనండి. పోతే పోతాడు.

పని ఇంతే. పెట్టె ముందు సబ్బునీళ్ళతో కడగాలి. ఇసుక రేణువు ఒక్కటున్నా అదే గీస్తుంది. తర్వాత జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో రిఫ్లెక్టరు మీద వేడి పెట్టాలి. చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడి చాలు. లోపలి గమ్ము మెత్తబడ్డాక గాలం దారం తీసుకుని రిఫ్లెక్టరుకీ పెట్టెకీ మధ్య దూర్చి, రెండు చేతులతో అటూ ఇటూ మెల్లగా లాగాలి. ఇనుప బ్లేడు, స్క్రూడ్రైవరు దగ్గరికి రానివ్వకూడదు. ఊడొచ్చాక మిగిలిన గమ్ముని బొటనవేలితో దొర్లించాలి. అప్పటికీ వదలని జిగురుకి కొబ్బరినూనె రాసి, టీ తాగి రావాలి. టీ తాగి రావడం కూడా పనిలో భాగమే. ఆ తర్వాత మెత్తటి గుడ్డ, మళ్ళీ సబ్బునీళ్ళు. ఇంతకన్నా రహస్యం ఏమీ లేదు. కష్టమంతా ఓపికలోనే ఉంది, అదే ఎవరి దగ్గరా ఉండదు.

షెడ్డు థిన్నరు

మన రైల్వేవాళ్ళ దగ్గర ఒక జబ్బుంది. మన అంటున్నాను, ఎందుకంటే నేను రైల్వేలో చేరకపోయినా ఆ క్వార్టర్ల బుద్ధి నాకూ ఉంది. ఇంజను మీద మురికి వదిలించిందంటే ఇంకేదైనా వదిలిస్తుందని మన నమ్మకం. ఇంట్లో కుర్చీకి మరక పడినా, సైకిలుకి తుప్పు పట్టినా మన చెయ్యి పాత డీజిలు సీసా మీదికే పోతుంది.

మా నాన్నతో షెడ్డులో పనిచేసిన సూర్రావు బాబాయి ఒకసారి కొత్త ఫైబరు పెట్టె పట్టుకొచ్చాడు. కంపెనీ అతికించిన రిఫ్లెక్టరు ఆయనకి నచ్చలేదు. ఎలాగో పీకేశాడు, జిగురు మిగిలింది. దాని మీద థిన్నరు పోసి దారపు పీచుతో బరబరా తోమాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ చోటు తెల్లగా పాలిపోయి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది.

"ఇదేటి బాబాయి, ప్లాస్టిక్ మీద థిన్నరు పోసీసేవా?" అన్నాను.

"ఇంజను మీద పోస్తే ఏటీ అవలేదురా. ఈ డబ్బా ఇంజను కంటే గొప్పదా?"

"ఇంజను ఇనుము కదా."

"నీకు చెయ్యడం రాదని చెప్పు, ఇనుమూ గినుమూ అని కబుర్లు చెప్పకు," అని కోప్పడ్డాడు. ఇంటికి వెళ్తే మా నాన్న కూడా ఆయన పక్షమే. ఆ పెట్టెకి చివరికి నల్ల రెక్సిన్ తొడుగు కుట్టించి ఇచ్చాను. బాబాయి దాన్ని అందరికీ చూపించి, మావాడి డిజైను అని చెప్పుకున్నాడు. నాకు సిగ్గేసింది, లోపల కొంచెం సంతోషమూ వేసింది.

చెప్పొచ్చేదేమిటంటే, పెట్టె దేనితో చేసిందో అడగకుండా చెయ్యి వెయ్యకండి. కనబడని మూల చూసుకుని అక్కడ కొంచెం రాసి చూడండి. సేఠ్‌జీ పోయాక కొట్టు చూసుకున్న ఆయన కొడుకు హీట్ గన్ కొన్నాడు. కుర్రాడు మంచివాడే, కొట్టుకి రెండో ఫ్యాను పెట్టించింది కూడా అతనే. కానీ ఆ గన్ వేడికి రిఫ్లెక్టరుతో పాటు పెయింటు కూడా అప్పడంలా పొంగేది. దాన్ని అటక మీద దాచేశాను. ఎక్కడుందని అడిగినప్పుడల్లా నాకు తెలియదన్నాను.

చివర వచ్చే బండి

ఇప్పుడు గార్డుగారి సంగతి.

సత్యంగారు ప్యాసింజరు రైళ్ళ గార్డు. వాళ్ళదీ శ్రీకాకుళం వైపే, మా నాన్నకి బాగా తెలుసు. మోటార్‌సైకిల్ కొనుక్కున్న కొత్తలో నా దగ్గరికి వచ్చి రేకు పెట్టె చేయించుకున్నారు. దానికి పాత రైలు బోగీల ముదురు ఎరుపు రంగే కావాలన్నారు. నేను రంగులు కలుపుతుంటే పక్కన నిలబడి, "ఇంకొంచెం నలుపు పడాలి గౌరీ," అంటూ నా పేరు పెట్టి చెప్పారు. అది కుదిరేసరికి మధ్యాహ్నం అయింది.

పెయింటు ఆరాక జేబులోంచి ఎర్ర రిఫ్లెక్టరు పట్టీలు తీసి, పెట్టె వెనకవైపు ఇంటూ గుర్తులా అతికించమన్నారు. సేఠ్‌జీకి అర్థం కాలేదు. తప్పు సమాధానానికి మాస్టారు పెట్టే గుర్తు బండికెందుకని అడిగాడు.

రైలు ఆఖరి పెట్టె వెనక ఇంటూ గుర్తు ఎందుకుంటుందో గార్డుగారు ఆయనకి వివరంగా చెప్పారు. రైలు స్టేషను దాటేటప్పుడు అక్కడివాళ్ళు చూసేది ఆ గుర్తునే. అది కనిపించిందంటే బండి మొత్తం వచ్చినట్టు. కనిపించకపోతే ఎక్కడో బండి తెగి, కొన్ని పెట్టెలు వెనక పట్టాల మీద ఉండిపోయినట్టు. అప్పుడు వెనక వచ్చే బండిని ఆపాలి. "నేనెక్కడున్నా ఆఖరునే ఉంటాను సేఠ్‌జీ, నా వెనక ఎవరూ ఉండకూడదు," అన్నారు.

ఆ మాట ఆయన ఉత్తినే అనలేదు. మా తెలుగు రైల్వే కుటుంబాలన్నీ ఏడాదికోసారి స్కూటర్ల మీద రతన్‌పూర్ గుడికి వెళ్ళేవాళ్ళం. పిల్లల్ని ముందు నిలబెట్టుకుని, పులిహోర గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని, వరసగా. గార్డుగారు ఎప్పుడూ చివర. ఎవరి బండి ఆగిపోయినా ఆయన ఆగేవారు. చెట్ల కింద దుప్పట్లు పరిచాక కూడా ఆడవాళ్ళు గిన్నెలు విప్పేవారు కాదు. "ఇంటూ వచ్చిందా?" అని అడిగేవారు. ఎర్ర పెట్టె వచ్చి ఆగాక, వెనక ఆ గుర్తు చూశాకే విస్తళ్ళు వేసేవారు. మా ఆవిడ కొత్తకోడలుగా వచ్చిన ఏడాది, ఈ ఇంటూ ఎవరని నన్ను చాటుగా అడిగింది. ఆ స్కూటర్లలో సగం లేవు, వాటి మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది లేరు.

లక్ష్మి వచ్చిన రోజు

ఏళ్ళు గడిచాయి. గార్డుగారు రిటైరై లాల్‌ఖదాన్‌లో, పట్టాలకి దగ్గర్లోనే, ఇల్లు కట్టుకున్నారు. ఆయన కూతురు లక్ష్మి బొగ్గు కంపెనీ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ నాన్న మోటార్‌సైకిలే నడిపేది. ఒకరోజు ఆ బండేసుకుని కొట్టుకి వచ్చింది.

"మావయ్యా, ఈ రిఫ్లెక్టర్లు తీసెయ్యాలి. లేకిన్ పెట్టె మీద ఒక్క గీత కూడా పడకూడదు," అంది.

"ఎందుకమ్మా? మీ నాన్నగారు చూస్తే నన్ను బతకనిస్తారా?"

"పాపా కోసమే తీయిస్తన్నాను."

స్టూలు మీద కూర్చుని మెల్లగా చెప్పింది. గార్డుగారికి మతిమరుపు వచ్చింది. మందులు వాడుతున్నారు. మనుషుల్ని పోల్చుకోవడం తగ్గిపోయింది, రైల్వే మాత్రం పోలేదు. రోజూ పొద్దున్న ఆమె ఆఫీసుకి బయల్దేరగానే ఆయన గేటు దగ్గర నిలబడి, దూరమైపోతున్న ఇంటూ గుర్తు చూస్తారు. తన రైలు తనని ఎక్కించుకోకుండా వెళ్ళిపోతోందనుకుంటారు. గార్డుని వదిలేసి రైలు కదిలిందంటే అంతకన్నా అవమానం లేదు. దాన్ని పట్టుకోవడానికి నడక మొదలుపెడతారు.

"మొదట్లో వీధి చివర దొరికీవారు. మొన్న పట్టాల మీదికి ఎల్లిపోయేరు మావయ్యా. గ్యాంగ్‌మన్ చూసి, కాకా ఘర్ చల్, ఇంటికి పద అని చెయ్యి పట్టుకుని తెచ్చేడు. రేపు ఎవరూ చూడకపోతే?" అంది. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారాయి. "అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వెనక పరిగెట్టలేదు."

బండి మానేసి ఆటోలో వెళ్ళమన్నాను. అదీ చేసిందట. బండి ఇంట్లోనే ఉంటే, డ్యూటీకి టైమైందని ఆయన పెట్టె పక్కనే నిలబడి కాళ్ళు వాచేదాకా కదల్లేదట. గుర్తు మీద గుడ్డ కప్పితే తీసేశారట. పోనీ పెట్టెకి వేరే రంగు వేసేద్దామా అన్నాను.

"వొద్దు మావయ్యా. రోజూ పొద్దున్నే ఆ పెట్టె తుడుస్తారు. ఆ కాసేపే మా పాపాలాగ ఉంటారు. రంగు మారితే నా పెట్టె ఏదని అడుగుతారు. అది కూడా లాగీసుకోమంటావేటి?"

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం ఆయన పడుకునే వేళకి పెట్టె తెమ్మన్నాను.

ఊడదియ్యడం

ఆ పెట్టెని కొట్టు వెనక ఎండలో బల్ల మీద పెట్టుకుని కాసేపు ఉత్తినే చూశాను. నేనే అతికించిన పట్టీలు. అంత గట్టిగా ఎందుకు అతికించానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. పైగా మధ్యలో ఎప్పుడో అంచులు లేస్తే గార్డుగారు చుక్క పడగానే పట్టేసే గమ్ము వేసి అదిమారు. ఆ గమ్ము వేడికి లొంగదు.

కడిగాను. డ్రయ్యరు పెట్టాను. దారం దూర్చి లాగాను. గమ్ము చుక్క తగిలిన చోటల్లా దారం తెగింది, మళ్ళీ కొత్తది దూర్చాను. ఒక్కో పట్టీ ఊడొస్తుంటే ఎవరి ఒంటి మీదో పాత కట్టు విప్పుతున్నట్టే ఉంది. పట్టీలు విరగకుండా వచ్చాయి. పారెయ్యబుద్ధి కాలేదు, కాగితంలో చుట్టి పక్కన పెట్టాను.

నూనె రాసి, తుడిచి, నిలబెట్టి చూస్తే గుర్తు అక్కడే ఉంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎండకి చుట్టూ పెయింటు వెలిసిపోతుంది. రిఫ్లెక్టరు కింద మాత్రం ఎండ తగలక అసలు రంగు అలాగే ఉంటుంది. ఆ రేకు మీద వెలిసిన ఎరుపు మధ్యలో ముదురెరుపు ఇంటూ నిక్షేపంలా నిలబడి ఉంది. ఆ రోజు నేనూ గార్డుగారూ మధ్యాహ్నం దాకా కలిపిన రంగు. ఇన్నేళ్ళకి దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

పెయింటు పైన వెలిసిన పొర పల్చగానే ఉంటుంది. దానికి పాలిషు ముద్ద ఉంటుంది, మెత్తటి గుడ్డతో రుద్దితే పై పొర పోయి కింది రంగు వస్తుంది. గుర్తుని చెరపడం నా చేతిలో లేదు. చుట్టూ ఉన్న పెట్టెనే దాని రంగుకి తేవాలి. వెనకవైపు రుద్దాను. వెనక ఒక్కటే మెరిస్తే బాగుండదని పక్కలూ మూతా కూడా రుద్దాను. భుజాలు పడిపోయాయి. అయ్యేసరికి పెట్టె కొత్తదైంది, ఇంటూ ఎక్కడుండేదో నాకే తెలియలేదు. కింది మూల గమ్ము చుక్క ఒకటి మాత్రం, గోరంత, రాలేదు. తీస్తే పెయింటు లేస్తుంది. వదిలేశాను. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా పనే.

గుర్తు లేని బండి

మర్నాడు పొద్దున్నే నేనూ లాల్‌ఖదాన్ వెళ్ళాను. చూడకుండా ఉండలేకపోయాను.

గార్డుగారు పెట్టె తుడుస్తున్నారు. తెల్లటి చొక్కా, కింద లుంగీ. నన్ను పోల్చుకోలేదు. ఆయన వేలు కింది మూల గమ్ము చుక్క మీద ఆగింది, దాన్ని రెండుసార్లు తడిమింది. తన పెట్టే అని నమ్మకం కుదిరినట్టు తలూపారు. నేనూ లక్ష్మీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

లక్ష్మి బండి తీసింది. గేటు దాటింది. గార్డుగారు వెనకవైపు చూశారు, మరీ వంగి చూశారు. ఒక్కసారిగా రెండు చేతులూ పైకెత్తి, "ఆపండి, బండాపండి," అని కేకేశారు.

లక్ష్మి ఆగింది. ఆయన గబగబా వెళ్ళి పెట్టె వెనక చెయ్యి పెట్టి చూపించారు.

"టెయిల్ లేదు. బండి తెగిపోయింది. వెనక పెట్టెలు ఎక్కడో ఉండిపోయేయి, అందులో జనం ఉంటారు కదా," అన్నారు. గొంతులో వణుకు లేదు. డ్యూటీలో ఉన్నవాడి గొంతు అది. "డ్రైవరుగారూ, ముందు ముక్క తీసుకుని మీరెల్లిపొండి. వెనక ముక్క దగ్గిర నేనుంటాను."

లక్ష్మికి ఏం చెయ్యాలో తెలియలేదు. నేను సైగ చేస్తే వెళ్ళింది. గార్డుగారు ఒక్క అడుగు కూడా ఆమె వెంట వెయ్యలేదు. వెనక్కి వచ్చి గేటు పక్క అరుగు మీద కూర్చున్నారు. పని గెలిచిందనుకుని కొట్టుకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం లక్ష్మి ఫోను చేసింది. "మావయ్యా, పాపా అరుగు దిగట్లేదట. అమ్మ ఎంత పిలిచినా అన్నానికి రారట. వెనక ముక్క వచ్చేదాకా గార్డు కదలకూడదంటన్నారట. అక్కడంతా ఎండ."

పెట్టె మీద ఒక్క గీత లేదు. సేఠ్‌జీ బతికుంటే కళ్ళు మూసుకుని తడిమి మెచ్చుకునేవాడు. అంత బాగా చేసిన పని ఒక పెద్దాయన్ని తిండి లేకుండా ఎండలో కూర్చోబెట్టింది. చేతిలో ఉన్న సీటు కవరు పక్కన పడేశాను.

అప్పుడు చిన్నప్పటిది గుర్తొచ్చింది. మా క్వార్టర్ల ముందు నుంచి గార్డులు డ్యూటీకి వెళ్తుంటే వాళ్ళ సామాన్ల పెట్టెలో ఒక చిన్న బోర్డు ఉండేది. ఆఖరి పెట్టె అని చెప్పే బోర్డు. రైలు బయల్దేరే ముందు దాన్ని వెనక కొక్కేనికి తగిలించేవారు, ప్రయాణం ముగిశాక తీసేసేవారు. ఎవరూ దాన్ని గమ్ము పెట్టి అతికించరు. బోర్డు తీసి చేత్తో పట్టుకుంటే గార్డు డ్యూటీ దిగినట్టే.

ఒక రేకు ముక్క కత్తిరించి పెట్టె రంగే పూశాను. కాగితంలో చుట్టి ఉంచిన పట్టీలు దాని మీద ఇంటూలా అతికించాను. పైన కొక్కెం, వెనకాల పెట్టెకి రాసుకోకుండా ఉన్ని గుడ్డ.

సాయంత్రం

నేను వెళ్ళేసరికి ఎండ వాలింది. గార్డుగారు ఇంకా అరుగు మీదే ఉన్నారు. పెదాలు ఎండిపోయాయి. పక్కన మంచినీళ్ళ గ్లాసు ముట్టలేదు. ఆయన భార్య పార్వతమ్మగారు గుమ్మంలో కూర్చుని కొంగుతో మొహం కప్పుకున్నారు.

లక్ష్మి వచ్చి బండి ఆపింది. నేను రేకు తీసి గార్డుగారి చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని తిప్పి చూశారు. బొటనవేలితో ఒక్కో పట్టీ తడిమారు. లేచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని నిలదొక్కుకుని, బండి వెనక్కి నడిచారు. కొక్కెం మూత అంచుకి తగిలించారు. వంకరగా ఉందని సరిచేశారు. రెండడుగులు వెనక్కి వేసి చూశారు.

"అంతా వచ్చీసింది," అన్నారు.

తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "పదండి డ్రైవరుగారూ, భోంచేద్దాం. పొద్దుట్నించి ఏటీ తినలేదు," అన్నారు. ఆయన పక్కన కూర్చుని నేనూ తిన్నాను. ఆ రోజు తిన్న వంకాయకూర రుచి నాకు తెలియదు. ఆయన మాత్రం మారు అడిగి వడ్డించుకున్నారు.

అప్పటి నుంచి అదే వరస. పొద్దున్న పెట్టె తుడిచి, బోర్డు ఆయనే తీసి లోపల మేకుకి తగిలించేవారు. బోర్డు తన చేతికొచ్చాక ఆ బండితో ఆయనకి పనిలేదు, లక్ష్మి వెళ్ళినా పట్టించుకునేవారు కాదు. సాయంత్రం హారను వినగానే బోర్డు పట్టుకుని బయటికొచ్చేవారు. ప్రతిరోజూ సాఫీగా జరిగిందని చెప్పను, చికాకు రోజులూ ఉన్నాయి. కానీ ఆయన మళ్ళీ పట్టాల వైపు నడవలేదు. కిందటి వానాకాలంలో తన మంచం మీద, తనవాళ్ళ మధ్య పోయారు.

కర్మలయ్యాక లక్ష్మి కొట్టుకి వచ్చి, రిఫ్లెక్టర్లు మళ్ళీ పెట్టె మీదే అతికించేస్తావా మావయ్యా అని అడిగింది. వద్దన్నాను. పెయింటు బాగుంది, కొక్కెం బాగుంది, ఉండనీ అన్నాను. అసలు కారణం అది కాదని ఇద్దరికీ తెలుసు.

నేను పని మానేశాక ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉండగా లక్ష్మి ఆఫీసు నుంచి వచ్చింది. బండి స్టాండు వేసి, చెప్పులైనా విప్పకుండా లోపలికెళ్ళి, మేకుకి ఉన్న బోర్డు తెచ్చి పెట్టెకి తగిలించింది. వంకరగా ఉందని సరిచేసింది.

వంటింట్లోంచి పార్వతమ్మగారి గొంతు వినిపించింది. "అంతా వచ్చీసిందా?"

"వచ్చీసిందమ్మా," అంది లక్ష్మి. "మావయ్య కూడా ఉన్నారు, అన్నం పెట్టు."